రెండో బండ

ఈ పుట దుమ్ము దులిపి చాలా కాలమైంది. పాత మిత్రులలో ఇంకా ఎందరు ఇటువైపు తొంగిచూస్తున్నారో తెలియదు. చూస్తున్నవారి ఎదుట ముందుగా ఒక నేరం ఒప్పుకోవాలి. ఇరవయ్యేళ్ళుగా విద్యుత్తుతో నడిచే కార్ల ప్రస్తావన ఎక్కడ వచ్చినా వాటి పక్షాన వకాల్తా పుచ్చుకుని వాదిస్తూ వచ్చిన నేను, 2025 ఫిబ్రవరిలో చెక్కు మీద సంతకం పెట్టవలసిన ఘడియ వచ్చేసరికి విద్యుత్కారు కొనలేదు. పెట్రోలూ విద్యుత్తూ రెండూ కలిసిన హైబ్రిడ్ కొని ఇంటికి తెచ్చుకున్నాను.

ఎందుకలా చేశారని అడిగినవారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క జవాబు చెప్పాను. ఆఫీసులో కుర్రవాళ్ళతో "ఇంకా మంచి బ్యాటరీలు వచ్చేదాకా ఆగుదామని" అన్నాను. బంధువులతో "తిరిగి అమ్మబోతే ధర రాదట" అన్నాను. మా అమ్మాయికి మాత్రం ఏ జవాబూ సరిగా చెప్పలేకపోయాను. "నాన్నా, ఎలక్ట్రిక్ కార్లదే భవిష్యత్తు అని అయిదో తరగతిలో నాకు వ్యాసం వ్రాసిపెట్టింది నువ్వే కదా!" అంది. నిజమే. ఆ వ్యాసానికి బహుమతి కూడా వచ్చింది.

అసలు కారణమేమిటో నాకే తెలియడానికి కొంతకాలం పట్టింది. అది చెప్పుకోవడానికే ఈ టపా.

రామాయణంలో పిడకల వేట అనుకోకపోతే, హైబ్రిడ్‌కు తెలుగేమిటన్న సంగతి ముందు తేల్చుకుందాం. నిఘంటువు ప్రకారం పోతే సంకరం. కాని "సంకర వాహనం కొన్నాను" అంటే ఏదో అపచారం చేసినట్లు వినిపిస్తుంది. మా పెదనాన్నగారి అబ్బాయి ఇప్పటికీ వ్యవసాయం చేస్తున్నాడు. వాడి దృష్టిలో హైబ్రిడ్ అంటే ప్రత్తి విత్తనం, మొక్కజొన్న విత్తనం. నా కారు సంగతి విని "అయితే ఏటేటా కొత్తది కొనాలా అన్నయ్యా?" అని అడిగాడు. నాకు తోచిన మాట జోడెడ్ల బండి. ఒక ఎద్దు పెట్రోలు, ఒక ఎద్దు విద్యుత్తు. అయితే ఆ రెండు ఎడ్లూ సమఉజ్జీలు కావు. 2022లో మారుతీ, టొయోటాలు మన దేశంలో తెచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్ హైబ్రిడ్‌లలో ఉన్న బ్యాటరీ ముప్పాతిక యూనిటు విద్యుత్తును మాత్రమే దాచుకోగలదు. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ విద్యుత్కారు బ్యాటరీ ముప్పై యూనిట్లది. అంటే నలభయ్యో వంతు. దీన్ని గోడకున్న ప్లగ్గుకు తగిలించే పనిలేదని అమ్మేవాళ్ళు గొప్పగా చెబుతారు. తగిలించే పని లేకపోవడానికి కారణం, తగిలించే చోటు లేకపోవడమే. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని కొంత పట్టుకుని మళ్ళీ వాడుకుంటుంది, తీరిక వేళల్లో ఇంజనే దానికి మేత పెడుతుంది. మొత్తం మీద తినేది పెట్రోలే. కనుక ఇది ఒక ఎద్దూ ఒక దూడా కట్టిన బండి. దూడ బాగా ఉపయోగపడుతుంది, ఊళ్ళో నడుపుతుంటే లీటరుకు ఇరవైకి పైగా వస్తోంది. కాని దూడ దూడే.

ఇక మన కథ. ఇరవై రెండేళ్ళ క్రితం, 2003లో, ఉద్యోగరీత్యా బెంగుళూరులో ఉండేవాణ్ణి. అప్పటికి రెండేళ్ళ ముందు, 2001లో, రేవా అనే బుల్లి విద్యుత్కారు ఆ ఊళ్ళోనే పుట్టింది. రెండు తలుపులు, ముందు ఇద్దరు పెద్దవాళ్ళు, వెనుక కాళ్ళు ముడుచుకోగల పిల్లలు ఇద్దరు. సీసపు బ్యాటరీలు. ఒకసారి నింపితే ఎనభై కిలోమీటర్లు పోతుందనేవారు. కూడలిలో ఎర్రదీపం దగ్గర అది వచ్చి ఆగితే చుట్టుపక్కల బళ్ళవాళ్ళందరూ తలలు తిప్పి చూసేవారు. ఎవరూ ఎగతాళి చేసినట్లు గుర్తులేదు. "భలే ముచ్చటగా ఉంది" అనే అనేవారు. అంత ముచ్చటపడ్డ ఊళ్ళో ఎందరు కొన్నారు? దశాబ్దం పైగా అమ్మినా, ప్రపంచమంతటా కలిపి అయిదువేలకు మించలేదు. వాటిలోనూ లండను వీధుల్లో జీ-విజ్ అన్న పేరుతో తిరిగినవి తక్కువేమీ కాదు. లండనువారికి భూగోళం మీద మనకన్నా భక్తి ఎక్కువని కాదు. 2003 నుంచి ఆ నగరం నడిబొడ్డులోకి కారు తీసుకుపోవాలంటే రోజూ సుంకం కట్టాలి, విద్యుత్కార్లకు అప్పట్లో ఆ సుంకం లేదు. 2010లో రేవాను మహీంద్రావారు తీసుకున్నారు.

నేను కూడా ఒక శనివారం షోరూముకు వెళ్ళి రేవా నడిపి చూశాను. ఎంతో మెచ్చుకున్నాను. అక్కడి అబ్బాయి ఇచ్చిన కరపత్రం మడతపెట్టి జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చి, మరుసటి నెలలో సెకండుహ్యాండు మారుతీ కొన్నాను. నా చరిత్ర అక్కడే మొదలైందన్నమాట.

ఇష్టపడడానికీ కొనడానికీ మధ్య ఉన్న అగాధం డబ్బుదే అని చాలాకాలం అనుకున్నాను. అనుకోవడానికి ఆధారం కూడా దొరికింది. 2008లో హోండావారు సివిక్ హైబ్రిడ్‌ను దిగుమతి చేసుకుని ఇరవయ్యొకటిన్నర లక్షలకు అమ్మకానికి పెట్టారు. జనం చూసి, తలుపులు తీసి, వేసి, వెళ్ళిపోయారు. ఆ యేడు చివరలో ఒక్కసారిగా ఎనిమిది లక్షలు తగ్గించేసరికి నిల్వ ఉన్న బళ్ళు త్వరలోనే చెల్లిపోయాయి. అలాగే 2022 అక్టోబరులో టాటావారి టియాగో విద్యుత్కారు ఎనిమిదిన్నర లక్షల ప్రారంభ ధరకు బుకింగులు తెరిస్తే మొదటిరోజే పదివేలు వచ్చాయి. కనుక ధర తగ్గితే జనం కొంటారు, అంతే కదా అనుకున్నాను. అంతే అయితే, 2024లో మన దేశంలో అమ్ముడైన కార్లలో విద్యుత్కార్లు నూటికి రెండు మూడు దగ్గరే ఎందుకు ఆగాయి? అదే యేడు నార్వేలో కొత్తగా రోడ్డెక్కిన కార్లలో నూటికి ఎనభైతొమ్మిది విద్యుత్తువే. అక్కడ దశాబ్దాలుగా వాటిమీద చాలామటుకు పన్నులు లేవు, నిజమే. ఆ దేశపు సంపదా మనకు లేదు, నిజమే. కాని డబ్బు ఉన్నవాడు, పన్ను లేనప్పుడు, ఇష్టమై కూడా ఎందుకు కొనడు? ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గరే ఉంది. ఎందుకంటే ఆ కొననివాణ్ణి నేనే.

ఆ జవాబు కోసం తెనాలిలో మా వంటింటికి పోవాలి.

1983లో మా ఇంటికి గ్యాసు వచ్చింది. నాన్నగారు పేరు నమోదు చేయించిన ఎన్నో యేళ్ళకు వచ్చింది. వచ్చినరోజు వీధిలోని ఆడవాళ్ళంతా చూడడానికి వచ్చారు. మా నాయనమ్మ మాత్రం వంటింటి గడప తొక్కలేదు. పేలుతుందని ఒక భయం, ఆ నీలిమంట మీద ఉడికిన అన్నం ఒంటికి పడదని ఒక శంక. ఆవిడ అన్నం కుంపటి మీదే వండాలి. పేలుడు భయం ఆవిడ ఒక్కదానిదే కాదు, అందరిదీ. అయినా ఆరు నెలల్లో అందరికీ అలవాటయింది, నాయనమ్మకు కూడా.

అలవాటు కానిది మరొకటి ఉంది. మాకు ఇచ్చినది ఒక్కటే బండ. అది అయిపోయిందంటే, మళ్ళీ వ్రాయించుకుని తెచ్చుకోవడానికి మూడు వారాలు పట్టేది, ఒక్కొక్కసారి నెల. అది ఎప్పుడు అయిపోతుందో చెప్పే ముల్లు ఏదీ బండ మీద ఉండదు. అమ్మ బండ బిగించిన తేదీని కాలెండరులో గుండ్రంగా చుట్టేది. ఇరవయ్యో రోజు దాటినప్పటి నుంచి ఆవిడ ముఖంలో ఒక ఆదుర్దా మొదలయ్యేది. బండను కొంచెం పైకెత్తి బరువు చూసేది. తడిగుడ్డతో తుడిచి, తడి ఎక్కడిదాకా ఆరకుండా నిలిచిందో చూసి లోపల ఎంత మిగిలిందో లెక్కకట్టేది. పాలు గ్యాసు మీద, పప్పు కిరసనాయిలు స్టవ్వు మీద అని విభజించేది. చుట్టాలు వస్తున్నారంటే ఆవిడ అడిగే మొదటి మాట ఎంతమంది అని కాదు, ఎప్పుడు అని. ఇంట్లో గ్యాసు ఉండగానే ఎనిమిదేళ్ళు కుంపటీ ఉంది, బొగ్గుల బస్తా ఉంది, బత్తీల స్టవ్వు ఉంది, కిరసనాయిలు డబ్బా ఉంది.

1991లో రెండో బండ వచ్చింది. వారం తిరగకుండా అమ్మ కుంపటిని అటక మీద పెట్టించింది. మిగిలిన బొగ్గులు ఇస్త్రీ చేసేవాడికి ఇచ్చేసింది. గ్యాసు అంతకుముందుకన్నా క్షేమమైంది కాదు, చవకైంది కూడా కాదు. మంట అదే, పొయ్యి అదే. ఒకటి అయిపోతే పక్కన ఇంకొకటి ఉందన్న ధీమా ఒక్కటే కొత్తది. ఆ రెండో బండను మాత్రం ఆవిడ ఎన్నడూ ఖాళీగా ఉంచలేదు. పోయేదాకా.

విద్యుత్కార్లు కొనేవాళ్ళకు దారిలో విద్యుత్తు అయిపోతుందేమోనని ఒక బెంగ ఉంటుందని పత్రికలు వ్రాస్తూ ఉంటాయి. దానికేదో ఇంగ్లీషు పేరు కూడా పెట్టారు. మా అమ్మ దాన్ని కాలెండరు మీద పెన్సిలుతో చుట్టేది.

2022 నాటికి నా పాత డీజిలు కారుకు పదేళ్ళు దాటాయి. హైదరాబాదులో మాది ముప్పై రెండు ఫ్లాట్ల భవంతి. కారు నిలుపుకునే చోటు సెల్లారులో. విద్యుత్కారు కొందామని ఆ యేడే నిర్ణయించుకున్నాను. లెక్క కట్టాను కూడా. ఆఫీసుకు పోయి రావడం రోజుకు ముప్పైనాలుగు కిలోమీటర్లు. ముప్పై యూనిట్ల బ్యాటరీ నింపితే నాకు దగ్గరదగ్గర ఆరు రోజులు. యూనిటు పది రూపాయలనుకున్నా కిలోమీటరుకు రూపాయిన్నర. పెట్రోలు లీటరు దాదాపు 110 రూపాయల లెక్కన మామూలు కారుకు ఏడు రూపాయలు. వాదనకు తావే లేదు.

ఆ వేసవిలోనే వరుసగా ఘోరాలు జరిగాయి. ఏప్రిలులో బెజవాడలో ఇంట్లో ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒకాయన మరణించారు. అదే నెలలో నిజామాబాదులో మరొక వృద్ధుడు. సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక లాడ్జి సెల్లారులో ఉన్న విద్యుత్స్కూటర్ల దుకాణంలో మంటలు లేచి, పై అంతస్తులకు పొగ కమ్మి, ఎనిమిదిమంది చనిపోయారు. మా భవంతికి ఆ చోటు అరగంట దూరం.

సెల్లారులో ఒక ఛార్జింగు పాయింటు పెట్టుకోవడానికి అనుమతి కోరుతూ నేను వ్రాసిన అర్జీ 2023 జనవరిలో సంఘం సమావేశానికి వచ్చింది. నా తప్పేమిటంటే, బాగా చదువుకుని వెళ్ళాను. కార్ల బ్యాటరీలకూ ఆ స్కూటర్ల బ్యాటరీలకూ ఉన్న తేడా చెప్పాను. 2022 డిసెంబరు నుంచి బ్యాటరీల పరీక్షలు కఠినం చేశారని చెప్పాను. కొత్త భవనాలలో కార్లు నిలిపే చోట అయిదో వంతుకు ఛార్జింగు ఏర్పాటుండాలని 2019లోనే కేంద్రం నమూనా నియమాలలో చేర్చిందని చెప్పాను. అధ్యక్షులు బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయినవారు. అంతా విని, "బాగుందండీ. రేపు ఏదైనా జరిగితే బాధ్యత మీదేనని స్టాంపు కాగితం మీద వ్రాసిస్తారా?" అన్నారు.

వ్రాసివ్వలేకపోయాను. ముప్పై రెండు కుటుంబాలు ఆ సెల్లారు మీదే నిద్రపోతాయి.

రెండో అంతస్తులోని ఒక టీచరుగారు, ఆవిడ మాట కొంచెం పదునుగా ఉంటుంది, "మీ కారు భయం కాదు సార్. మీకు ఇస్తే రేపు ఇరవై స్కూటర్లు వచ్చి వరుసగా నిలబడతాయి. వాటిని ఎవరు చూస్తారు?" అన్నారు. మరొకరు ట్రాన్స్‌ఫార్మరు మోయగలదా అన్నారు. ఇంకొకరు కరెంటు బిల్లు ఉమ్మడి మీటరు మీద పడుతుందేమో అన్నారు. నిజం చెప్పాలంటే వాటిలో ఒక్కటీ మూర్ఖమైన ప్రశ్న కాదు. ఆ రాత్రి మా ఆవిడ "వాళ్ళను తప్పుపట్టకండి. మనమైనా అలాగే అడుగుతాం" అంది. సొంత ఇల్లు, వాకిట్లో మీటరు ఉన్నవాడు తన ధైర్యంతో తాను కొనుక్కుంటాడు. నాలాంటివాడికి ముప్పై రెండు ధైర్యాలు కావాలి.

ఆ మే నెలలో మా ఆఫీసు కుర్రవాడు ఒకడు తన విద్యుత్కారులో బెజవాడ పోతుంటే నేనూ ఎక్కాను. సొంత ఇల్లున్నవాడే, అన్నట్లు. సూర్యాపేట దగ్గర ఒక హోటలు ముంగిట ఆగాం. రెండు గన్నులున్న ఛార్జరు. ఒకటి పనిచేయడం లేదు. రెండోదానికి అప్పటికే ఒక కారు తగిలించి ఉంది, దాని యజమాని కుటుంబం లోపల భోజనం చేస్తోంది. ఆ సంస్థవాళ్ళకు ఫోను చేస్తే ఒక ఆడగొంతు మమ్మల్ని ఆరు అంకెలు నొక్కమంది, నొక్కితే పాట వినిపించింది. నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాను, మరో నలభై నిమిషాలు ఇడ్లీ, కాఫీ, దినపత్రిక. నేను గడియారం చూసుకుంటున్నాను. వాడు హాయిగా కునుకు తీశాడు. తరువాత దారిలో ఒక మాటన్నాడు: "కొననివాళ్ళంతా ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడుగుతారు సార్. కొన్నవాళ్ళం ఆ దారిలో ఛార్జరు పనిచేస్తోందా అని అడుగుతాం." వాడికి కోపమేమీ లేదు. వాడి తల్లిదండ్రులు వాడి ఇంట్లోనే ఉంటారు.

నా తండ్రి తెనాలిలో ఉంటారు. ఒక్కరే. అమ్మ 2016లో పోయింది. రమ్మంటే రారు, "ఈ ఇంటికి నేనూ, నాకు ఈ ఇల్లూ" అంటారు. ఎనభైరెండేళ్ళు, చక్కెర వ్యాధి. మా ఇంటి నుంచి మూడువందల కిలోమీటర్లు.

2024లో సంఘానికి కొత్త కార్యవర్గం వచ్చింది. కాలం కూడా కొంత మారింది. ఆగస్టులో సెల్లారుకు రెండు పాయింట్లు మంజూరు చేశారు, ఎవరి మీటరు నుంచి వాళ్ళు తీగ లాక్కోవాలి, మంటలార్పే సిలిండర్లు వాళ్ళే పెట్టాలి అన్న షరతుల మీద. ఒకటి నా పేర. నవంబరు 18 నుంచి తెలంగాణ ప్రభుత్వం విద్యుద్వాహనాలకు రోడ్డు పన్నూ రిజిస్ట్రేషను రుసుమూ పూర్తిగా ఎత్తివేసింది, 2026 చివరిదాకా. నేను చూసుకున్న కారు మీద అది రెండు లక్షల పైమాట. జీఎస్టీ విద్యుత్కారు మీద నూటికి అయిదు, ఆ స్థాయి హైబ్రిడ్ మీద అప్పటికి నలభైమూడు. మూడేళ్ళుగా నేను అడిగినవన్నీ, నా వాదనలన్నిటికీ సమాధానంగా, ఒక్కటొక్కటిగా వచ్చి నా గుమ్మం ముందు నిలబడ్డాయి.

అప్పుడు నాకు భయం వేసింది.

ఏ వాదనా మిగలనప్పుడు అసలు భయం కనిపిస్తుందేమో. నేను కొనదలచిన కారు రహదారి మీద రెండువందల డెబ్బై, ఎనభై వస్తుందన్నారు. తెనాలి మూడువందలు. పగలైతే సూర్యాపేటలో అరగంట. అది నాకూ తెలుసు. కాని నాకు ప్రతిసారీ కళ్ళముందు కనబడేది పగలు కాదు. రాత్రి ఒంటిగంటకు తెనాలి నుంచి ఫోను వస్తుంది. సెల్లారులోకి దిగుతాను. బ్యాటరీ నలభై శాతం ఉంటుంది. సూర్యాపేటలో ఒక గన్ను పనిచేయదు, రెండోదానికి ఎవరి కారో తగిలించి ఉంటుంది. ఆ ఆడగొంతు ఆరు అంకెలు నొక్కమంటుంది.

తెనాలికి మేము పోయేది యేడాదికి నాలుగుసార్లు. అంటే ఆ నాలుగు ప్రయాణాల కోసం, అందులోనూ ఇంకా జరగని ఒక్క రాత్రి కోసం, మిగిలిన మూడువందల యాభై రోజుల బండిని నిర్ణయించాను. పెళ్ళిళ్ళకని కొన్న గంగాళం యేడాది పొడుగునా అటక మీద ఉంటుంది, దాని పక్కన పెట్టవలసిన కొనుగోలు ఇది. అయితే గంగాళంలో రోజూ కాఫీ కాచుకోం కదా. ఈ బండి రోజూ వాడుతున్నాను, కిలోమీటరుకు అయిదు రూపాయల చొప్పున. రోడ్డు పన్ను పూర్తిగా కట్టాను, కౌంటరులో అమ్మాయి "ఎలక్ట్రిక్ తీసుకుంటే ఇది ఉండేది కాదండీ" అని గుర్తుచేసింది కూడా.

కారు తీసుకున్న వారానికి తెనాలి పోయాం. నాన్నగారు వీధిలోకి వచ్చి చుట్టూ తిరిగి చూశారు. ఇది కరెంటుదా అన్నారు. రెండూనండీ అని వివరించాను. జోడెడ్ల ఉపమానం కూడా చెప్పాను. ఆయన ముందు చక్రం మీద చెయ్యివేసి కాసేపు ఊరుకున్నారు.

"రెండో బండన్నమాట," అన్నారు. "మీ అమ్మ కూడా ఇదే కొనేది."

ఫోను 2025 ఆగస్టులో వచ్చింది. నేను ఊహించినట్లే అర్ధరాత్రి దాటాక, పన్నెండూ నలభైకి. పక్కింటి అబ్బాయి. "అన్నయ్యా, బాబాయిగారు బాత్రూము దగ్గర పడిపోయారు. షుగరు బాగా తగ్గిపోయింది. నర్సింగుహోముకు తెచ్చేశాం, మీరు కంగారు పడకండి." వాళ్ళ ఆటోలోనే తీసుకుపోయాడట. కథ అందంగా ఉండాలంటే అది విద్యుత్తు ఆటో అయివుండాలి. కాదు, పాత డీజిలుదే.

ఒంటిగంటకు బయలుదేరాం. వాన. టాంకు నిండుగా ఉంది. ఎక్కడా ఆగలేదు, ఆగవలసిన అవసరమూ రాలేదు. బండి నేను ఏ పనికోసం కొన్నానో ఆ పని అక్షరాలా చేసింది. సూర్యాపేట దగ్గర ఆ హోటలు ముంగిట ఛార్జర్లు వానలో ఆకుపచ్చగా వెలుగుతున్నాయి. కిందటిసారికన్నా ఎక్కువ ఉన్నాయి. ఒక్కదానికీ కారు లేదు. మా ఆవిడ కూడా చూసింది. ఏమీ అనలేదు.

చేరేసరికి ఆరుంబావు. నాన్నగారు మంచం మీద లేచి కూర్చుని, చేతికి సూది ఉండగానే, రెండో చేత్తో కాఫీ త్రాగుతున్నారు. డాక్టరు చెప్పినదాని ప్రకారం, ఆ అబ్బాయి తీసుకురావడం అరగంట ఆలస్యమై ఉంటే సంగతి వేరుగా ఉండేదట. అరగంట. నేను అయిదుంబావు గంటలు ప్రయాణం చేసి వచ్చాను. సూర్యాపేటలో మరో నలభై నిమిషాలు ఆగి ఉంటే ఆరుగంటలయ్యేది.

"అంత వేగంగా ఎందుకు వచ్చావురా వానలో?" అన్నారు నాన్నగారు. "ఎలాగూ ఆలస్యమే కదా."

ఆయన కోపంగా అనలేదు. లెక్క చెప్పారు, అంతే. నేను ఆ మంచం పక్కన కూర్చుని మూడేళ్ళుగా కట్టిన లెక్కలన్నీ మరొకసారి కట్టాను. ఆ రాత్రి ఆయనకు రెండో బండ నా కారు కాదు. పక్కింటి ఆటో.

ఆ అబ్బాయికి డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. వాళ్ళ నాన్న ఆటోకు బ్యాటరీది కొందామని చూస్తున్నారనీ, బ్యాంకు అప్పు సంగతి కాస్త కనుక్కోమనీ అడిగాడు. కనుక్కుంటున్నాను. ఎంత వస్తుంది, ఎన్ని కిలోమీటర్లు అని నన్ను అడగలేదు. రోజూ ఆ వీధులే కదా, రాత్రికి ఇంటికి వస్తే వాకిట్లో ప్లగ్గుంది అన్నాడు.

మా సెల్లారులో నా పేర మంజూరైన పాయింటు అలాగే ఉంది. తీగ లాగించాను, సిలిండరు పెట్టించాను, పెట్టెకు తాళం వేయించాను. దాని ముందు నా జోడెడ్ల బండి నిలబడి ఉంటుంది. ఈ దీపావళికి ముందు రెండో అంతస్తు టీచరుగారు మెట్ల దగ్గర ఆపి, కొంచెం మొహమాటంగా, "సార్, మా అమ్మాయి కాలేజీకి స్కూటరు కొన్నాం. కరెంటుదే. మీ పాయింటు ఎలాగూ ఖాళీగా ఉంది కదా..." అన్నారు. రాత్రిపూట పెట్టనని, తాను మెలకువగా ఉన్నప్పుడే పెడతానని, యూనిట్లు వ్రాసి నెల నెలా డబ్బు ఇచ్చేస్తానని కూడా చెప్పారు.

తాళంచెవి ఇప్పుడు ఆవిడ దగ్గరే ఉంది.